విడాకుల డిక్రీ నకలు పొందు విధము

పదునైదేండ్ల క్రిందట విడాకులు పొందిన ఒక తల్లి, కుమారుని పాస్‌పోర్టు నిమిత్తము డిక్రీ అడిగిన నాడు, ఇల్లంతయు వెదకి కాగితము కానరాక కన్నీరు పెట్టినది. ఇట్టివారికై ఈ నాలుగు మాటలు.

మొదట తీర్పు చెప్పిన న్యాయస్థానమేదో తెలిసికొనవలెను. 1984 నాటి చట్టముననుసరించి కుటుంబ న్యాయస్థానము వెలసినచోట అక్కడను, లేనిచోట సివిలు కోర్టునందును విచారింపవలెను. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టము క్రింద మన స్త్రీలు పొందిన డిక్రీలకును ఇదియే మార్గము. కేసు సంఖ్య, సంవత్సరము, ఉభయపక్షముల పేర్లు, తీర్పు తేదీ వ్రాసి, నిర్ణీత రుసుముతో ధ్రువీకృత నకలుకై దర్ఖాస్తు చేయవలెను. సంఖ్య మరచినచో నాటి వకీలునడుగుట మేలు. ఆయన లేనిచో, పేరు, సంవత్సరము తెలిపి కోర్టు రిజిస్టరులో వెదకింపవలెను. కక్షిదారులు కానివారు తమ అవసరమును ప్రమాణపత్రమున తెలుపవలెను.

కోర్టుకు పోక ఖాజీ ఎదుట జరిగిన ఖులాకు కోర్టులో దస్త్రముండదు. ఆ పత్రమును ఖాజీ కార్యాలయముననే అడుగవలెను. ఈ భేదమెరుగక కచేరీల చుట్టు తిరిగి అలసినవారు కలరు.

విద్యార్థులారా! మీ బంధువులలో చదువురాని సోదరి యున్నచో ఆమె దర్ఖాస్తు మీరే వ్రాసిపెట్టుడు. నకలు చేతికి రాగానే మరి రెండు ప్రతులు తీయించి భద్రపరచుడు. చదివిన చదువునకు అదియొక సార్థకత.