పక్క సీటులో పంతులు

1961లో మన దేశంలో తయారైన రెండు కొత్త విమానాలు ఐదారు వారాల తేడాతో గాల్లోకి లేచాయి. జూన్ 17న బెంగళూరులో ఎగిరింది మారుత్. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఆ జెట్ ఫైటర్ గురించి పుస్తకాలున్నాయి, మ్యూజియాల్లో నమూనాలున్నాయి, ఇప్పటికీ తెగని వాదాలున్నాయి. దానికంటే ముందే, మే నెలలో ఎగిరిన రెండో విమానం పేరు రోహిణి. దానికి ఇంజినే లేదు. చెక్కతో, గుడ్డతో చేసిన రెండు సీట్ల శిక్షణ గ్లైడర్ అది. మారుత్ ఎక్కే భాగ్యం ఎంతోమందికి దక్కలేదు. రోహిణి మాత్రం కాలేజీ కుర్రాళ్లకు కూడా అందింది. అయినా దాని సంగతి అడిగేవారే లేరు.

రోహిణిని గీసింది ప్రైవేటు కంపెనీ కాదు, విదేశీ నిపుణుడూ కాదు. ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రంలో ఎస్.రామామృతం చేసిన డిజైన్ అది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి సుమారు పదహారున్నర మీటర్లు. లోపల సన్నటి చెక్క పక్కటెముకలు, ముందు భాగానికి ప్లైవుడ్ తొడుగు, వెనక భాగానికి గుడ్డ. ఆ గుడ్డ మీద డోప్ అనే వార్నిష్ పూస్తే ఆరేకొద్దీ బిగుసుకుపోతుంది, వేలితో కొడితే మోగుతుంది. కింద ఒకే ఒక చక్రం, దాని ముందు నేలను రాసుకుంటూ పోయే చెక్క స్కిడ్డు. విదేశీ మారకం కరువైన ఆ రోజుల్లో ఇదంతా ఆలోచించి చేసిందే. చిరుగు పడితే గుడ్డ అతికించుకోవచ్చు, పక్కటెముక విరిగితే పనితనం ఉన్న వడ్రంగి బాగు చేయగలడు.

ఇందులో అసలు విశేషం సీట్లది. గురువు, శిష్యుడు భుజం భుజం రాసుకుంటూ పక్కపక్కనే కూర్చుంటారు. ఇది ఎందుకంత పెద్ద సంగతో తెలియాలంటే అంతకు ముందు గ్లైడింగ్ ఎలా నేర్పేవారో తెలియాలి.

1930లలో జర్మనీలోనైనా, ఇంగ్లండులోనైనా కొత్తగా వచ్చినవాడు మొదటి రోజే ఒంటరిగా ఎక్కాల్సిందే. ప్రైమరీ అనే ఆ గ్లైడర్‌కు కాక్‌పిట్ ఉండదు. ఒక చెక్క చట్రం, దాని ముందు బల్ల లాంటి సీటు, నెత్తి మీద రెక్క. అంతే. స్నేహితులు రబ్బరు తాడు పట్టుకుని రెండు వైపులా పరిగెత్తి లాగి వదిలితే మొదట నేల మీదే జారతాడు. తర్వాత మనిషెత్తు గెంతుతాడు, ఆ తర్వాత చెట్టెత్తు. గురువుగారు కింద నిలబడి అరుస్తుంటారు. ఆ అరుపు వినపడేసరికి చేయాల్సిన తప్పు ఎలాగూ జరిగిపోయి ఉంటుంది. నడుముకు సొరబుర్ర కట్టకుండా పిల్లాణ్ని బావిలోకి తోసి, గట్టు మీద నుంచి ఈత చెప్పినట్టన్నమాట. అలా నేర్చుకుని గొప్ప పైలట్లయినవారు ఉన్నారు, కాదనలేం. విరిగిన చట్రాలకూ, నడుములకూ కూడా లోటు లేదు.

ఈ పద్ధతికి తెర దించిన గ్లైడర్లలో ముందు చెప్పుకోవలసింది స్లింగ్స్‌బీ టీ.21. ఫ్రెడ్ స్లింగ్స్‌బీ మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన దళంలో పనిచేసి మిలిటరీ మెడల్ అందుకున్నవాడు. యుద్ధం ముగిశాక స్కార్‌బరోలో చెక్క సామాన్ల ఫ్యాక్టరీలో భాగస్వామి అయ్యాడు. 1930లో అక్కడ గ్లైడింగ్ క్లబ్ పెట్టినవారిలో ఆయనా ఒకడు. బల్లలు, కుర్చీలు చేసే చోటే గ్లైడర్లు చేయడం మొదలుపెట్టి, తర్వాత యార్క్‌షైర్‌లోని కిర్బీమూర్‌సైడ్‌కు మారాడు. 1944లో ఎగిరిన టీ.21లో సీట్లు పక్కపక్కన అమర్చాడు. నెత్తిన కప్పు లేదు, ముందు చిన్న అద్దం మాత్రం ఉంది. బ్రిటిష్ ఎయిర్ ట్రైనింగ్ కోర్ దీన్ని సెడ్‌బర్గ్ అనే పేరుతో తీసుకుని పిల్లలకు నేర్పింది. పదహారేళ్లు నిండినవారు ఇందులో నేర్చుకుని ఒంటరిగా ఎగిరేవారు. ముద్దుపేరు 'బార్జ్', అంటే సరుకుల పడవ. ఆ వెడల్పాటి ముక్కు చూస్తే పేరు పెట్టినవారిని తప్పుపట్టలేం. 1980ల మధ్య దాకా అది అక్కడ కొలువులోనే ఉంది.

రోహిణి కూడా ఈ బాటలోనే వచ్చింది. పక్కపక్క సీట్లకు మూల్యం ఉంది. ముక్కు వెడల్పయితే గాలి అడ్డు పెరుగుతుంది. ఇలాంటి గ్లైడర్ కిలోమీటరు ఎత్తు నుంచి నిశ్చలమైన గాలిలో జారితే దాదాపు ఇరవై కిలోమీటర్లే పోతుంది. 1979లో వచ్చిన జర్మన్ ఏఎస్‌కే 21 ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ 34 పోతుంది. పైగా శిష్యుడు మధ్యలో కాకుండా ఒక పక్కకు కూర్చుంటాడు కాబట్టి ఎడమ మలుపులో ముక్కు ఒకలా, కుడి మలుపులో మరోలా కనబడి తికమక పెడుతుంది. ఇన్ని ఇబ్బందులున్నా పక్క సీటే మేలంటాను. పిడికిలి ఎంత బిగుసుకుందో, పెడల్ మీద కాలు ఎందుకు వణుకుతోందో, కళ్లు దిగంతం మీద ఉన్నాయో మీటర్ల మీద ఉన్నాయో గురువుకు ఓరకంట తెలిసిపోతుంది. ముందూ వెనకా కూర్చుంటే ఆయనకు కనబడేది శిష్యుడి మెడ మాత్రమే.

ఎగరడం వించ్‌తో. మైదానం ఆ చివర ఇంజిను డ్రమ్ము, ఈ చివర గ్లైడర్, నడుమ ఉక్కు కేబుల్. ఒక చక్రం మీద వాలి ఉన్న గ్లైడర్ రెక్కను ఒకరు ఎత్తి పట్టుకుంటారు. కేబుల్ మొదట మెల్లగా బిగుస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. నిమిషం లోపే మూడు వందల మీటర్లు. శిష్యుడు అందరికంటే ఎక్కువ భయపడేది మధ్యలో కేబుల్ తెగితే ఏమవుతుందోనని. అందుకే గురువు చెప్పకుండానే తానే కేబుల్ వదిలేసి ఆ పరీక్ష పెడతాడు. గ్లైడర్ ముక్కు ఆకాశం వైపు ఉంటుంది, వేగం పడిపోతుంటుంది. అప్పుడు చేయాల్సిన మొదటి పని ఒక్కటే: ముక్కు దించు! వేగం తిరిగి వచ్చాకే మిగతా ఆలోచన. కింద నిలబడి అరిచే గురువు ఈ పాఠం చెప్పలేడు.

పైకి లేచే వేడిగాలి దొరక్కపోతే ఐదారు నిమిషాల్లో నేల మీద ఉంటారు. దొరికితే గంటలు గడిచిపోతాయి. ఆనాటి కాక్‌పిట్లలో వేరియోమీటర్ అంటే రెండు గాజు గొట్టాలు. పైకి పోతుంటే ఒకదాంట్లో ఆకుపచ్చ గోళీ లేస్తుంది, కిందికి పోతుంటే రెండోదాంట్లో ఎర్ర గోళీ లేస్తుంది. అంతకంటే నమ్మదగినవి గద్దలు. అవి ఎక్కడ రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయో అక్కడికి పోవడమే. రోళ్లు పగిలే రోహిణి కార్తె మనకు ఉక్కపోత, గ్లైడర్ పైలట్‌కు మాత్రం పండగ.

పౌర విమానయాన శాఖవాళ్లు తమ గ్లైడర్లకు పెట్టిన పేర్లు కూడా పంచాంగం వరసే. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. చివరిదైన ఆర్ద్రలో సీట్లు మళ్లీ ముందూ వెనకకు మారాయి. కాన్పూర్ హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో తయారై అది ఎన్‌సీసీకి చేరింది. ఆ వరస అక్కడితో ఆగిపోయింది, పునర్వసు రాలేదు.

రోహిణిని దింపేసింది కొంత ఫైబర్‌గ్లాస్, కొంత మన వాతావరణం. చెక్క కీళ్లలోని జిగురు తేమకు, ఎండకు తట్టుకోవాలంటే హ్యాంగర్‌లో శ్రద్ధగా కాపాడాలి, ఏళ్ల తరబడి విప్పి చూస్తూ ఉండాలి. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి. ఎన్‌సీసీ వైమానిక విభాగం గ్లైడర్ల నుంచి ఇంజిను ఉన్న మైక్రోలైట్ల వైపు మళ్లింది. చెక్కదైనందువల్ల పాడైన రోహిణిని తుక్కుకు అమ్మినా నాలుగు డబ్బులు రావు. అందుకే చాలావరకు మూలన పడి మాయమయ్యాయి. జెట్లను స్తంభాల మీద నిలబెట్టి పూలమాలలు వేసే దేశంలో మొదటి పాఠం చెప్పిన బండికి ఇంత నీడ దొరకకపోవడం న్యాయం కాదు.

మీ ఇంట్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేసిన నాన్నగారో, మేనమామో, మేనత్తో ఉంటే ఒకసారి అడగండి. పాత ఫొటో, లాగ్‌బుక్ ఉంటే పారేయకండి. తేదీ, ఊరు, గ్లైడర్ నంబరు వాళ్ల చేతే ఫొటో వెనక రాయించి పెట్టండి.