రేడియేషన్‌కు ముందు పళ్ల డాక్టరు దగ్గరికి

నోటి క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో అందరి దృష్టీ గడ్డ మీదే ఉంటుంది. ఎప్పటినుంచో పుచ్చి ఉన్న దవడ పన్ను సంగతి ఎవరికీ గుర్తుండదు. కానీ కొన్నేళ్ల తర్వాత రోగి దవడ ఎముక క్షేమంగా ఉంటుందా, లేదా అన్నది ఆ పన్నును ఎప్పుడు తీశారన్న దానిపై ఆధారపడవచ్చు.

తల, మెడ క్యాన్సర్లకు సాధారణంగా 60 నుంచి 70 గ్రే రేడియేషన్‌ను రోజుకు సుమారు 2 గ్రే చొప్పున ఆరేడు వారాల పాటు ఇస్తారు. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. మొత్తం 70 గ్రే ఒకేసారి ఇచ్చినా కణజాలం వేడెక్కేది డిగ్రీలో యాభయ్యో వంతు మాత్రమే. నష్టం చేసేది వేడి కాదు, తెగిపోయే డీఎన్ఏ. క్యాన్సర్ కణాలను చంపేదీ అదే, దారిలో ఉన్న లాలాజల గ్రంథులను, ఎముకలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసేదీ అదే.

ఆరోగ్యవంతుల నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లాన్ని అది తటస్థపరుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నోరు ఎండిపోతే ఆ రక్షణ ఉండదు. అంతవరకూ గట్టిగా ఉన్న పళ్లు కూడా కొద్ది నెలల్లోనే చిగురు అంచున పుచ్చిపోతాయి. గ్రంథులను తప్పిస్తూ కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి ఇక్కడ కొంత మేలు చేసింది. బ్రిటన్‌లో జరిగి 2011లో ప్రచురితమైన పార్స్‌పోర్ట్ పరీక్షలో, ఏడాది తర్వాత గణనీయంగా నోరెండినవారు పాత పద్ధతిలో 74 శాతం ఉంటే, ఐఎంఆర్‌టీలో 38 శాతం.

అసలు ప్రమాదం కింది దవడది. రేడియేషన్ తర్వాత దానికి రక్తప్రసరణ తగ్గుతుంది. అప్పుడు పన్ను పీకితే ఆ గాయం మానకపోవచ్చు, ఎముక బయటపడి చచ్చుబడవచ్చు. దీన్నే ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. అందుకే నిలబడని పళ్లను ముందే తీసి, గాయం మానడానికి దాదాపు రెండు వారాల వ్యవధి ఇవ్వాలంటారు వైద్యులు. అయితే క్యాన్సర్ చికిత్సను ఆలస్యం చేయకూడదు. దీనికి మార్గం ఒకటే: వ్యాధి నిర్ధారణ అయిన వారంలోనే, స్కాన్లు, మాస్క్ తయారీ జరుగుతుండగానే పళ్ల పరీక్ష కూడా చేయించుకోవడం.

కీమోథెరపీలో ఇబ్బంది వేరు. తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు చిగుళ్లలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు. కాబట్టి రక్తపరీక్ష చూడకుండా పన్ను ముట్టుకోరు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ మందులు కూడా దవడకు హాని చేయవచ్చు.

ఇంట్లో చేయాల్సింది ఖరీదైనదేమీ కాదు. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్ వాడాలి. లీటరు నీటిలో చిన్న చెంచా ఉప్పు, అంతే వంట సోడా కలిపి రోజూ పలుమార్లు పుక్కిలించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, గుట్కా, వక్క దరి చేరనీయకూడదు.

చికిత్స ముగిసినా ఒక జాగ్రత్త జీవితాంతం మిగులుతుంది. పదేళ్ల తర్వాత పన్ను నొప్పితో ఊళ్లోని క్లినిక్‌కు వెళ్లినా, కుర్చీలో కూర్చోగానే ముందుగా చెప్పాల్సిన మాట: ‘నా దవడకు రేడియేషన్ ఇచ్చారు.’