ఫ్లెక్సీలో ఇమడని మనిషి

ఇంటి పెద్ద కన్నుమూస్తే పెదకర్మ నాటికి వీధి మొదట్లో ఫ్లెక్సీ లేస్తుంది. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ‘అశ్రునివాళి’, కింద కొడుకులు, కోడళ్లు, మనుమల పేర్లు. పత్రికలో వేయించే శ్రద్ధాంజలి ప్రకటనా ఇంచుమించు ఇంతే. పోయినాయన స్నేహశీలి, నిరాడంబరుడు, నలుగురికీ పెద్దదిక్కు. ఈ మాటలు అబద్ధం కాకపోవచ్చు. కానీ పక్క వీధి పెద్దాయన ఫొటో కిందా ఇవే అతుకుతాయి. అందరికీ అతికే పొగడ్తతో ఏ ఒక్కరూ గుర్తుండరు. ఏ అప్పు చేసి పొలం కొన్నాడు, ఎవరిళ్లలో వారాలు చేసుకుని చదువుకున్నాడు, ఊరి తగువులో ఎవరి పక్షాన నిలిచాడు, ఎందుకు నిలిచాడు అనే వివరాల్లోనే మనిషి దొరుకుతాడు. వాటినే రాసిపెట్టాలి.

ఏటా తద్దినం పెడుతున్నాం, ఇంకేం చేయాలి అనేవారున్నారు. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతలను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా భావించి పేరు, గోత్రం చెప్పి పిండం పెడతారు. పితృదేవతలకు చెందవలసింది అందించడం వరకే ఆ క్రతువు పని. వాళ్లు ఎలా బతికారన్నది అందులో రాదు. మూడు తరాలు దాటితే పేరు కూడా మంత్రంలోంచి జారిపోతుంది. వంశం కథ చెప్పడానికి ఒకప్పుడు వేరే మనుషులుండేవారు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వంశరాజ్‌గా ఉన్న పిచ్చుకగుంట్లవారు రెడ్డి, కమ్మ, కాపు ఇళ్లకు వెళ్లి గోత్రాలు, వంశావళులు చెప్పి సంభావన పుచ్చుకునేవారు. ఆ రాకపోకలు బాగా తగ్గిపోయాయి. అవి సాగిన రోజుల్లోనూ పోషించగల ఇళ్ల కథే చెప్పారు. కూలి చేసుకు బతికిన తాత గురించి ఆయన మనుమలు తప్ప చెప్పేవాళ్లు లేరు.

మామూలు మనిషి జీవితంలో రాయడానికేముంది అన్నది రెండో మాట. ఉన్నదంతా కాగితాల్లోనే చెల్లాచెదురుగా ఉంటుంది: పట్టాదారు పాసుపుస్తకం, లగ్నపత్రిక, తీర్చిన ప్రామిసరీ నోటు, సర్వీసు రిజిస్టరు. తేదీల దగ్గర మాత్రం కాగితాన్ని పూర్తిగా నమ్మలేం. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో గాని రాలేదు. అంతకుముందు పుట్టిన ఎందరికో బడిలో పంతులు వేసిన తేదీయే పుట్టినరోజయింది. అందుకే సంవత్సరం అడగడం కన్నా సంఘటన అడగడం మేలు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి పెళ్లయిందా? 1948లో పోలీసు చర్య నాటికి పశువులు కాస్తున్నారా, బడికి పోతున్నారా? ఇలా అడిగితే వయసుతోపాటు ఆ రోజుల బతుకూ బయటికొస్తుంది.

అసలు చిక్కు మూడో అభ్యంతరంతోనే. పోయినవారి తప్పులు తవ్వడం మర్యాద కాదంటారు. నిజమే, నింద కోసం తవ్వడం కూడదు. అయితే ఇంటి పెద్ద అన్నవాడు తీర్పులు చెప్పినవాడు. ఆ తీర్పుల వల్ల ఒకరు బాగుపడితే ఒకరు నష్టపోయి ఉంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. ఆ తర్వాత పంపకాలు చేసిన తండ్రి గురించి కొడుకు ఒకలా చెబుతాడు, పుట్టింటి ఆస్తి వదులుకుంటూ సంతకం పెట్టి వెళ్లిన కూతురు ఇంకోలా చెబుతుంది. ఇద్దరి మాటా రాస్తేనే ఆయన నిర్ణయం, ఆ కాలపు ఒత్తిడి రెండూ అర్థమవుతాయి. ఇంటి యజమానిగా ఆయన చేసినవాటిలో భార్య చేతి కష్టమెంతో కూడా అప్పుడే తేలుతుంది. లోపాలు తెలిసీ నిలిచిన ప్రేమకు పొగడ్తల ఆసరా అక్కర్లేదు.

ఫోన్ల నిండా వీడియోలున్నాయిగా అనవచ్చు. వాటిలో తాత కేకు కోస్తాడు, అక్షింతలు వేస్తాడు. మాట్లాడేది మాత్రం చుట్టూ ఉన్నవాళ్లే. అదే ఫోను ఆయన ముందు పెట్టి, పాత ఫొటోలో ఎవరెవరో అడిగి, పేర్లు వెనక రాసుకోవడానికి గంట చాలు. వాయిదా మాత్రం వేయకూడదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ఎనభై ఏళ్లు బతికినా ఆయన ఆత్మకథ ‘నా యెఱుక’ తొలి ముప్పై ఏళ్లే చెబుతుంది. అంతటి మాటకారి కథే సగంలో ఆగితే, ఎవరూ అడగని మనిషి కథ మొదలే కాదు. పైగా బతికుండగా రాస్తే పెద్దాయన ‘అలా కాదురా’ అని దిద్దగలడు. పోయాక మనం ఏం రాసినా కాదనడానికి ఆయన ఉండడు.