గుడ్ల అట్టలతో మోత ఆగుతుందా?

గుంటూరు, ఒంగోలు వీధుల్లో ఇప్పుడు చాలామందికి పడకగదే రికార్డింగు స్టూడియో. క్రైస్తవ గీతాలు, జానపదాలు, యూట్యూబ్ వాయిస్ ఓవర్లు అక్కడే తయారవుతున్నాయి. మైకు, ల్యాప్‌టాప్ కొన్నాక మిగిలే చిక్కు బయటి మోత: మిర్చి టిక్కీల లారీల హారన్లు, పక్కింటి మిక్సీ. ఇక సలహాలకు కొదవుండదు.

అపోహ: గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే బయటి శబ్దం రాదు.

వాస్తవం: నిక్షేపంలా వస్తుంది. శబ్దాన్ని ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ అదనంగా తగ్గుతాయి. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఇప్పటికే 50 డెసిబెల్స్ దాకా ఆపుతోంది. దానికి కాగితపు అట్ట చేసే సాయమేమిటి?

అసలు ఇక్కడ పనులు రెండు. బయటి మోతను లోపలికి రానివ్వకపోవడం ఒకటి. గదిలో పాడిన గొంతు గోడలకు తగిలి మళ్లీ మైకులో పడకుండా చూడటం మరొకటి. మొదటిదానికి బరువు, సందు లేని మూత కావాలి. రెండోదానికి గాలి దూరే మెత్తని సరుకు కావాలి. దుకాణంలో రెండింటికీ ‘సౌండ్‌ప్రూఫ్’ అనే ఒకే పేరు పెట్టి అమ్ముతారు, మనమూ కొంటాం.

అపోహ: కోల్డ్ స్టోరేజీలో వాడే థర్మాకోల్ ఇంట్లోనూ పనిచేస్తుంది.

వాస్తవం: మిర్చి రంగు పోకుండా కాపాడే ఆ సరుకు ఆపేది వేడిని. తేలిక కాబట్టి మోతను ఆపదు, గాలి దూరదు కాబట్టి గొంతును పీల్చదు. రెంటికీ చెడ్డది.

అపోహ: దూది మన దగ్గర పండేదే, గోడల్లో కూరేస్తే సరి.

వాస్తవం: దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. దూది శబ్దాన్ని బాగానే పీలుస్తుంది. అమెరికాలో పాత జీన్స్ గుడ్డను పీచు చేసి, మండకుండా బోరేట్ కలిపి ఇన్సులేషన్‌గా అమ్ముతారు. ఆ మందు పట్టని దూది నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో జిన్నింగు మిల్లుల వాళ్లను అడగండి. పైగా చెమ్మ పీల్చి కుంగిపోతుంది, ఎలుకలు చేరతాయి. పాత దూది పరుపును పాడేవారి వెనక నిలబెట్టండి, పైసా ఖర్చు లేకుండా గొంతు శుభ్రపడుతుంది. గోడలో మాత్రం వద్దు.

చవక ఫోమ్‌తోనూ ఇదే నిప్పు భయం. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ‘స్టేషన్’ నైట్‌క్లబ్ గోడలకు మోత తగ్గించడానికి అంటించిన పాలియురేతేన్ ఫోమ్‌కు బాణసంచా నిప్పు అంటుకుంది. 100 మంది చనిపోయారు.

అపోహ: రాక్‌వూల్ (రాతిపీచు) పెడితే ఇక తిరుగులేదు.

వాస్తవం: మంచి సరుకే, మండదు. రెండంగుళాల పలక మాటలకు సరిపోతుంది, నాలుగంగుళాలది మగగొంతు మంద్రాన్ని కూడా పీలుస్తుంది. పీచు దురద పెడుతుంది కాబట్టి పైన గుడ్డ కప్పాలి. చీరాల నేతగుడ్డ చాలు. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, పోకపోతే ఆ గుడ్డ పనికిరాదు. అయితే గోడకు ఊరికే తగిలించిన రాక్‌వూల్ బయటి మోతను ఆపదు. పాత గోడకు తగలకుండా వేరే ఫ్రేము నిలబెట్టి, మధ్యలో రాక్‌వూల్ నింపి, పైన రెండు వరసల జిప్సం బోర్డు బిగిస్తేనే ఆ పని జరుగుతుంది.

ఇంత చేసినా తలుపు సంగతి మరిస్తే అంతా వృథా. విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందున్నా ఎంత గొప్ప గోడైనా 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. ఆకాశవాణి స్టూడియోలోకి వెళ్లినవారికి గుర్తుండే ఉంటుంది: ఒక బరువైన తలుపు, చిన్న నడవ, మళ్లీ ఇంకో తలుపు. మనింట్లో పల్చటి ఫ్లష్ డోరు, కింద వేలు దూరేంత సందు. రాత్రి గదిలో దీపం ఆర్పి, బయట వెలిగించి చూడండి. వెలుతురు వచ్చిన చోటల్లా మోతా వస్తుంది. అక్కడ రబ్బరు బీడింగు వేయించండి, కిటికీకి రెండో అద్దం పెట్టించండి. డబ్బు మిగిలితే అప్పుడు రాక్‌వూల్ కొనండి.