విమానంలో కిటికీ సీటు ఎంపిక

ఆకాశ ప్రయాణంలో కొండలు, నదులు, సముద్రతీరాలు చక్కగా కనిపించే స్థానాన్ని ముందుగా నిర్ణయించుకోవడాన్ని కిటికీ సీటు ఎంపిక అనవచ్చు. కిటికీ పక్కన చోటు దొరికినంత మాత్రాన చూడదలచిన దృశ్యం కనిపించదు. అది ప్రయాణ దిశ, సూర్యుని స్థానం, విమానపు రెక్క, ఋతువు అనే నాలుగు విషయాలపై ఆధారపడి ఉంటుంది. వీటిలో మొదటిది అన్నిటికంటె ముఖ్యమైనది. ఢిల్లీ నుండి నేపాల్ రాజధాని ఖాట్మండుకు వెళ్ళే మార్గం ఇందుకు మంచి ఉదాహరణ. పశుపతినాథ్, ముక్తినాథ్ క్షేత్రాలకు విమానంలో వెళ్ళే తెలుగు యాత్రికులకు కూడా ఈ మార్గం ఉపయోగపడుతుంది.

సీట్ల గుర్తులు

బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ320 వంటి విమానాలలో ఎకానమీ తరగతిలో సాధారణంగా వరుసకు ఆరు సీట్లు ఉంటాయి. ముందుకు తిరిగి కూర్చున్నవారికి ఎడమవైపు కిటికీ సీటు "ఎ", కుడివైపు కిటికీ సీటు "ఎఫ్". రెండు నడవలు గల పెద్ద విమానాలలో కుడివైపు చివరి సీటుకు "కె" వంటి వేరొక అక్షరం ఉంటుంది.

ప్రయాణ దిశ

తూర్పుముఖంగా నిలబడినవారికి ఎడమచేతి వైపు ఉత్తరం, కుడిచేతి వైపు దక్షిణం ఉంటాయి. విమానానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఖాట్మండు ఢిల్లీకి దాదాపు తూర్పున, సుమారు 800 కి.మీ. దూరంలో ఉంది. హిమాలయాలు ఈ మార్గానికి ఉత్తరాన ఉన్నాయి. కనుక వెళ్ళేటప్పుడు ఎడమవైపు, తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. రెండు ప్రయాణాలకూ "ఎ" సీటునే తీసుకున్నవారికి తిరుగు ప్రయాణంలో గంగా మైదానమే కనిపిస్తుంది.

10,000 మీటర్ల ఎత్తు నుండి క్షితిజం సుమారు 350 కి.మీ. దూరంలో ఉంటుంది. అందువలన మార్గానికి దూరంగా ఉన్న శిఖరాలు కూడా కనిపిస్తాయి. నేపాల్‌లో పడమర నుండి తూర్పుకు ధవళగిరి (8,167 మీ.), అన్నపూర్ణ (8,091 మీ.), మనస్లు (8,163 మీ.) వరుసగా వస్తాయి.

ఎవరెస్టు శిఖరం ఖాట్మండుకు తూర్పున సుమారు 160 కి.మీ. దూరంలో ఉంది. ఢిల్లీ విమానం అంతవరకు వెళ్ళదు. ఎవరెస్టును దగ్గరగా చూడదలచినవారికి ఖాట్మండు నుండి భూటాన్‌లోని పారోకు వెళ్ళే మార్గం అనుకూలం. ఇందులోనూ వెళ్ళేటప్పుడు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు కూర్చోవాలి.

సూర్యుని స్థానం

ఎండ నేరుగా పడే కిటికీ నుండి దృశ్యం స్పష్టంగా కనిపించదు. హిమాలయ ప్రాంతం కర్కటరేఖకు ఉత్తరాన ఉన్నందున అక్కడ మధ్యాహ్న సూర్యుడు సంవత్సరమంతా దక్షిణం వైపే ఉంటాడు. ఉత్తరపు కిటికీ నుండి చూసేవారికి సూర్యుడు వెనుకవైపు ఉండి, మంచు శిఖరాలు వెలుగులో కనిపిస్తాయి. హైదరాబాదు నుండి ఉత్తరంగా ఢిల్లీకి వెళ్ళేటప్పుడు ఉదయం కుడివైపు, సాయంత్రం ఎడమవైపు ఎండ పడుతుంది.

రెక్క, కిటికీల అమరిక

పైన చెప్పిన రెండు రకాల విమానాలలోనూ రెక్కలు కిటికీలకు దిగువన ఉంటాయి. మధ్య వరుసలలో కూర్చున్నవారికి నేలను రెక్క కప్పివేస్తుంది. రెక్కకు ముందున్న వరుసలు ఉత్తమం. రెక్క వెనుక వరుసలలో ఇంజను నుండి వెలువడే వేడి గాలి వలన దృశ్యం అలలలాగా కదులుతూ కనిపించవచ్చు. ఏటీఆర్ 72 విమానానికి రెక్కలు పైభాగాన ఉండడం వలన నేల బాగా కనిపిస్తుంది. కొన్ని బోయింగ్ 737 విమానాలలో రెక్కకు కొంచెం ముందు, గోడలో గాలి గొట్టం ఉన్నచోట కిటికీ ఉండదు.

ఋతువు

జూన్ నుండి సెప్టెంబరు వరకు ఋతుపవన మేఘాలు హిమాలయాలను తరచుగా కప్పివేస్తాయి. వేసవిలో దుమ్ము, పొగ వలన శిఖరాలు మసకగా ఉంటాయి. వర్షాలు వెనుదిరిగిన తరువాత అక్టోబరు, నవంబరు నెలలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

ఛాయాచిత్రాలు

కిటికీ నుండి చిత్రాలు తీసేటప్పుడు ఫ్లాష్ వాడితే వెలుగు అద్దంపై పడి వెనుకకు వస్తుంది. కెమెరాను కిటికీకి దగ్గరగా ఉంచాలి గాని ఆనించరాదు. ఆనిస్తే విమానపు అదురు చిత్రంలోకి వస్తుంది. లేహ్ వంటి రక్షణశాఖ విమానాశ్రయాలలో చిత్రాలు తీయడం నిషిద్ధం.

ఇవి కూడా చూడండి

* హిమాలయాలు
* ఎవరెస్టు పర్వతం
* విమానం