ఫోటో వస్తాది గానీ దాని ఊరు రాదు

మా పద్మనాభం వైపు ఇప్పుడు ఎవరి ఫోన్ చూసినా ఒకటే గోల, "స్టోరేజీ నిండిపోయింది" అని. గూగుల్ ఫోటోస్‌లో లెక్కాజమా లేకుండా ఊరికే దాచుకునే రోజులు 2021 జూన్ 1తో చెల్లిపోయాయి. ఇప్పుడు 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి. ఆ 15లోనే మెయిలు కూడా సర్దుకోవాలి. అందుకని కుర్రోళ్ళు ఫోటోలన్నీ దించేసి హార్డ్ డిస్కులోకో, కంప్యూటర్లో ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకో మార్చేస్తన్నారు. మార్చుకోవడం మంచిదే. ఏ కంపెనీ ఎప్పుడు కొట్టు కట్టేస్తాదో ఎవరికి తెలుసు? పికాసా లేదేటి? స్టూడియోలోళ్ళ కాడ్నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్నోళ్ళ దాకా ఎంతమంది వాడారు! 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది.

గాని ఈ మార్పిడిలో ఒకటి చప్పుడు చెయ్యకుండా జారిపోతంది. ఆ ఫోటో ఎక్కడ తీసిందో, ఆ చోటు. ఫోటో చక్కగా వచ్చేస్తాది కాబట్టి పోయిన సంగతి ఎవరికీ తెలీదు. రెండేళ్ళ తర్వాత "మన గెడ్డ కాడ తీసిన ఫోటోలేవీ?" అని మ్యాపులో వెతికితే అప్పుడు తెలుస్తాది.

"చోటుదేముంది, ఫోటో ఉంటే చాలదా" అంటారు. ఉపాధి హామీ పనికెళ్ళే ఆడోళ్ళని అడగండి, చోటు విలువేటో చెప్తారు. హాజరు ఫోటోకి రోజుకి రెండు మార్లు నిలబడాలి. 2023 జనవరి 1 నుంచి ఆ యాప్ తప్పనిసరి. సర్కారు ఇల్లు కట్టుకున్నోళ్ళకి పునాది కాడ ఒక ఫోటో, శ్లాబు కాడ ఒక ఫోటో, అన్నిటికీ జియోట్యాగ్. మన ఫోటో ఎక్కడిదో సర్కారు దగ్గర భద్రంగానే ఉంటాది. మన పొలం గట్టు, మన చెరువు, హుద్‌హుద్ తుపాను నాడు కూలిన మన ఇంటి కప్పు, వీటికి మన దగ్గరుండే ఫోటోలే ఊరూ పేరూ లేనివి అయిపోతన్నాయి.

అసలు ఆ చోటు ఎక్కడుంటాది? ఇదొక్కటి అర్థమైతే మిగతాది తేలిక. అది రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, ఫైలు కడుపులో. ఫోన్ కెమెరాకి లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే, ఫోటో తీసినప్పుడే అక్షాంశం, రేఖాంశం అంకెలు బొమ్మతో పాటే ఫైల్లో కూర్చుంటాయి. ఎగ్జిఫ్ అంటారు దాన్ని. తేదీ, కెమెరా పేరు కూడా అందులోనే ఉంటాయి. మా పద్మనాభం 18 డిగ్రీల ఉత్తరానికి కాస్త దిగువన, 83 దాటి మూడో వంతు తూర్పున ఉంటాది. ఆ అంకెల్లో చుక్క తర్వాత రెండు స్థానాలుంటే కిలోమీటరు అటూ ఇటుగా చెప్తాది. నాలుగుంటే పదిపదకొండు మీటర్లలోకి తెస్తాది. అంటే కొండ మెట్ల మొదట్లో ఉన్నావో, కింద కుంతీమాధవస్వామి గుడి కాడ ఉన్నావో తెలిసిపోతాది.

రెండోది, సాఫ్ట్‌వేర్ సొంత ఖాతా పుస్తకంలో. ఫోటోలో చోటు లేదు, మనమే మ్యాపు మీద వేలు పెట్టి "ఇది ఇక్కడ" అని చెప్పాం. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైల్లో రాయవు, తమ పుస్తకంలో రాసుకుంటాయి. తెర మీద చూస్తే రెండూ ఒకేలాగ కనిపిస్తాయి. ఇల్లు మారేటప్పుడు మాత్రం మొదటిది మనతో వస్తాది, రెండోది పాత ఓనరు దగ్గరే ఉండిపోద్ది.

ఇక్కడే నా బాధంతా. ఫోన్‌తో తీసిన ఫోటోలకి పెద్ద భయం లేదు, వాటి చోటు వాటి కడుపులోనే ఉంది. మనిషి కూర్చుని, గుర్తు తెచ్చుకుని, చేత్తో పెట్టిన చోట్లే ముందు పోతాయి. అలాంటివి ఏవంటారు? స్కాన్ చేసిన పాత కాగితపు ఫోటోలు. జీపీఎస్ లేని డిజిటల్ కెమెరాల నాటివి. ఆ పైన వాట్సాప్‌లో వచ్చినవి. మనోళ్ళ ఫోటోలు సగం తిరిగేది వాట్సాప్‌లోనే కదా, అది ఫోటోని ఫోటోగా పంపితే చోటు పీకేస్తాది. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉంచుతాది.

మా ఇంట్లో స్కాన్ చేసిన పాత ఫోటోలు నూటపాతిక దాకా ఉన్నాయి. మా మేనత్త పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆవిడ చెప్పింది: "ఇది కొండ మెట్ల మీద, మా పెద్దమ్మ మొక్కు తీర్చుకున్న రోజు. ఇది గోస్తని ఒడ్డున. ఇది మన కళ్ళం, ఇప్పుడక్కడ లేఅవుట్ రాళ్ళు పాతీసినారు." ఆవిడ చెప్పినట్టే మ్యాపు మీద పెట్టుకుంటూ వెళ్ళాను. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ చోట్లు పోతే మళ్ళీ అడగడానికి ఎవరున్నారు? ఏ ఉపగ్రహం చెప్తాది?

కాబట్టి మార్చే ముందు ఆ పుస్తకంలో ఉన్నది ఫైల్లోకి దించుకోవాలి. గూగుల్ ఫోటోస్ నుంచి వస్తన్నోళ్ళు టేకౌట్ అనే దారిలో దించుకుంటారు. జిప్ ఫైళ్ళు ముక్కలు ముక్కలుగా వస్తాయి. విప్పితే ఫోటోల పక్కనే జేసన్ అని బుల్లి బుల్లి ఫైళ్ళు కనిపిస్తాయి. చాలామంది చెత్త అనుకుని ముందు వాటినే డిలీట్ కొట్టేస్తన్నారు. అయ్యా, అదే ఖాతా పుస్తకం! మీరు చేత్తో పెట్టిన చోటు ఫోటోలో రాదు, ఆ జేసన్‌లోనే ఉంటాది. ఇంకో తిరకాసేటంటే ఫోటో ఒక జిప్‌లో, దాని జేసన్ ఇంకో జిప్‌లో పడొచ్చు. అందుకే ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి విప్పుకున్నాకే పని మొదలెట్టాలి. దించుకునే లింకు కూడా వారం రోజులే పనిచేస్తాది, పండగయ్యాక చూద్దాంలే అంటే కుదరదు.

ఆ జేసన్‌లోని అంకెల్ని ఫోటో కడుపులోకి ఎక్కించడానికి ఎగ్జిఫ్‌టూల్ అని ఉచిత సాధనం ఉంది. ఫిల్ హార్వే అనే ఆయన ఇరవై ఏళ్ళకి పైబడి దాన్ని సాకుతన్నాడు. బొత్తాలు, బొమ్మలు ఉండవు, ఆదేశాలు టైపు చెయ్యాలి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లో పిల్లాడో ఉంటే ఒక పూట పని. ఒక్క జాగ్రత్త చెప్పండి వాళ్ళకి. చోటు తెలీని ఫోటోకి జేసన్‌లో సున్నా, సున్నా అని ఉంటాది. దాన్ని కూడా ఎక్కించేస్తే మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో, నడిసముద్రంలో తేలుతాది. రెండు అంకెలూ సున్నా అయితే వదిలెయ్యాలి. చేత్తో టైపు చేసేటప్పుడు 17ని, 83ని తారుమారు చేశారంటే పద్మనాభం ఉత్తర ధ్రువం దగ్గర మంచులో తేలుతాది, అదొకటి.

ఐఫోన్, మ్యాక్ వాడేవోళ్ళు మార్చని ఒరిజినల్‌ని ఎగుమతి చేస్తే కెమెరా రాసిన చోటు వస్తాది గానీ, తర్వాత మీరు దిద్దిన చోటు రాదు. మామూలు ఎగుమతిలో లొకేషన్ కలపమనే గడి ఉంటాది, దానికి టిక్కు పెట్టాలి. లైట్‌రూమ్ వాడే స్టూడియోలోళ్ళకి ఇంకా తేలిక. ఫోటోలన్నీ ఎంచుకుని కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే క్యాటలాగ్‌లో ఉన్న వివరాలు ఫైళ్ళలోకి దిగుతాయి. రా ఫైళ్ళయితే పక్కన ఎక్స్ఎంపీ అని ఇంకో ఫైలు తయారవుద్ది, అది ఫోటోకి తోబుట్టువు లాంటిది, విడదీయకూడదు. వీడియోల సంగతి వేరు. వాటిలో చోటు రాసే పద్ధతే వేరేగా ఉంటాది కాబట్టి విడిగా చూసుకోవాలి.

వెయ్యి ఫోటోలు మార్చేసి అప్పుడు చూసుకోవడం కాదు. ముందు ఒక పది తియ్యండి. ఫోన్‌తో తీసింది, వాట్సాప్‌లో వచ్చింది, స్కాన్ చేసింది, ఎడిట్ చేసింది, ఒక వీడియో, అన్నీ కలిపి పది. వాటినే బయటికి దించండి. విండోస్‌లో ఫైలు మీద కుడి క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే ఫోటోలకి జీపీఎస్ అని అంకెలు కనబడాలి. పాత సాఫ్ట్‌వేర్‌లోనే తెరిచి "ఉందిలే" అనుకుంటే లాభం లేదు, అది తన పుస్తకం చూసి చెప్తాది. ఆ పదీ సరిగ్గా వచ్చాకే మిగతావి. పాత ఖాతా మాత్రం వెంటనే చెరిపెయ్యకండి, కొన్నాళ్ళు ఉంచుకోండి.

ఇంకో మాట. కొందరు "పేరు రాశాం కదా, అంకెలెందుకు" అంటారు. పేరు ఊరుకోదండి, మారిపోద్ది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. "అరకు, విశాఖ జిల్లా" అని రాసిన ఫోటో ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాది. సబ్బవరం అనకాపల్లి జిల్లాకి పోయింది. మా పద్మనాభం విశాఖలోనే ఉంది, రేపు ఏటవుద్దో చెప్పలేం. అంకెలు మాత్రం ఏ జీవో వచ్చినా కదలవు. 1794 జూలై 10న విజయనగరం రాజుకీ కంపెనీ సైన్యానికీ యుద్ధం పద్మనాభంలో జరిగింది, చిన విజయరామరాజు ఇక్కడే పడిపోయాడు అని అందరం చెప్పుకుంటాం. ఊరి పేరు మిగిలింది. ఏ గట్టు మీద, ఏ చెట్టు కింద అని అడిగితే వేలు పెట్టి చూపించే అంకె ఏదీ?

అలాగని పేరు అక్కర్లేదనీ కాదు. మ్యాపు "పద్మనాభం" అని ఊరుకుంటాది. పెద్ద కళ్ళం, చాకిరేవు, పాత బడి అన్న మాటలు దానికి తెలీవు. అవి క్యాప్షన్‌లో తెలుగులోనే రాసుకోండి, అది కూడా ఫైల్లో దిగిందో లేదో అదే పరీక్షలో చూసుకోండి.

చివరిగా ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఒక హెచ్చరిక. చోటు దాచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు. ఇంటి కాడ తీసిన ఫోటోలో ఇంటి గుమ్మం దాకా దారి ఉంటాది. డాక్యుమెంట్‌గా పంపినా, లింకు ఇచ్చినా ఆ దారి కూడా వెళ్ళిపోద్ది. పంపేటప్పుడు లొకేషన్ తీసేసిన కాపీ పంపండి. ఫోన్ షేర్ మెనూలోనో, సాఫ్ట్‌వేర్ ఎగుమతి పెట్టెలోనో ఆ వీలు ఉంటాది. అసలు ఫైలు జోలికి మాత్రం పోవద్దు. కార్తీకం చివర్లో మెట్ల దీపోత్సవానికి కొండెక్కి ఎన్ని ఫోటోలు తీస్తామో కదా, ఆ వరస కూడా ఈసారి ఇలాగే మొదలెట్టండి: అసలువి ఒక ఫోల్డర్, పంపేవి ఇంకో ఫోల్డర్.