వార్తల్లో పదం: సాంకేతిక సామర్థ్యం

ఒకే కాలువ కింద రెండు మడులు. రెండింట్లోనూ సాంబమసూరే, ఎరువూ కూలీలూ సమానమే. ఒకరికి ఎకరాకు 30 బస్తాలు, పక్కాయనకు 24. ఆ పెట్టుబడితో రాగల గరిష్ఠ దిగుబడి 30 అనుకుంటే, రెండో రైతు సాంకేతిక సామర్థ్యం 80 శాతం. ఇలా కొలిచే పద్ధతికి 1957లో ఆర్థికవేత్త ఫారెల్ బాట వేశారు.

మరి ఆ 6 బస్తాల లోటంతా రైతు చేతకానితనమేనా? కోతల ముందు గాలివాన కొట్టి ఉంటే? నేర్పునూ అదృష్టాన్నీ విడదీసే పద్ధతి 1977లో వచ్చింది. ఆర్థికవేత్తలు బ్యాటీస్, కొయెల్లీ 1992లో దాన్ని మరింత సానబెట్టి వాడి చూసింది పాత మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి వరి రైతుల మీదే! పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి ఆ ఊళ్లో సేకరించిన వివరాలవి.

సాంకేతిక సామర్థ్యం ఒకటైతే, ఉత్పత్తి రిస్కు వేరే సంగతి. అది సగటు దిగుబడి గురించి కాదు, దాని ఊగిసలాట గురించి. ఒకే ఎరువు దిగుబడినీ పెంచొచ్చు, ఒడిదొడుకులనూ పెంచొచ్చని 1978లో ఆర్థికవేత్తలు జస్ట్, పోప్ లెక్కకట్టే దారి చూపారు. యూరియా మోతాదు మించితే పైరు నల్లగా, ఏపుగా కళ్లు చెదిరేలా ఎదుగుతుంది. అగ్గితెగులు సోకిందా, గాలికి పడిపోయిందా, మిగిలేది తాలే. నీళ్ల భరోసా లేని బోరు కింది రైతు అరబస్తా తగ్గించి చల్లేది ఈ ఒడిదొడుకుల భయంతోనే.